ఎవరేం చెప్పినా చేసే డబ్బా

రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు ఒక ప్రైవేటు ఇంటర్నెట్ సంస్థ నన్ను మహబూబ్‌నగర్‌లో నెట్‌వర్క్ ఇంజినీరుగా వేసింది. నా కింద లైన్‌మన్లు, పైన హైదరాబాదులో ఒక ప్రాంతీయ మేనేజరు. కొత్త కనెక్షన్లు లెక్కపెట్టడం తప్ప ఆయనకు మరో విద్య రాదు.

ఆ ఎండాకాలం మక్తల్ అవతల ఒక మండల కేంద్రంలో ఏసుదాసు అనే ల్యాబ్ టెక్నీషియన్‌ను పోలీసులు ఠాణాకు తీసుకుపోయారు. ఒక బ్యాంకు వెబ్‌సైటు మీద దాడి జరిగిందనీ, అది అతని ఇంటి కనెక్షన్ నుంచే వచ్చిందనీ అభియోగం. అతని భార్య సుజాత మా ఆఫీసుకు వచ్చింది.

"సార్, మా ఆయన దవాఖానల రక్తం తీసుడు, పరీక్ష చేసుడు తప్ప గీ పనులేం ఎరుగడు. కాంట్రాక్టు కొలువు. కేసు రాస్తే గా దినమే తీసేస్తరు," అన్నది.

మేనేజరుకు ఫోన్ చేశాను. కస్టమరే పాస్‌వర్డు జాగ్రత్తగా పెట్టుకోలేదని ఒక నివేదిక రాసి పోలీసులకు పంపేయమన్నాడు. ఆ ఇంట్లోని ఇంటర్నెట్ పెట్టెను చూడకుండానే తీర్పు! ఆయన తెలివికి దండం పెట్టి నేను బస్సెక్కాను.

ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టెను రౌటర్ అంటాం. దాని సెట్టింగుల పేజీలో లైను పరీక్షకు ఒక గడి ఉంటుంది. అందులో ఏదైనా ఇంటర్నెట్ చిరునామా రాస్తే, అక్కడి నుంచి జవాబు వస్తోందో లేదో చెబుతుంది. ఏసుదాసు ఇంట్లో నేను చిరునామా తర్వాత సెమికోలన్ పెట్టి, ఒక ఆదేశం కూడా రాశాను. ఇది చిరునామా కాదు కదా అని రౌటర్ నిరాకరించాలి. నిరాకరించలేదు, చెప్పినట్టు చేసింది. దీన్నే మా వృత్తిలో కమాండ్ ఇంజెక్షన్ అంటారు. గడిలో రాసింది సరిచూసుకునే నాలుగు వరుసల కోడ్ రాయడానికి తయారీదారుకు బద్ధకం. ఎవడో దూరాన కూర్చుని ఇదే దారిలో తన ప్రోగ్రాం చొప్పించి, ఏసుదాసు ఇంటి చాటున దాడి చేశాడు.

వాడికి తలుపు తీసింది మా వాళ్లే. ఊరూరూ తిరగడం బరువై, లైన్‌మన్లు ప్రతి రౌటర్ పేజీనీ బయటి నుంచి కూడా తెరుచుకునేలా వదిలేశారు. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు. ఫోన్‌లో ఎవరడిగినా చెప్పేవారు. దసరా ఆయుధపూజ నాడు ఆ పెట్టెలకు పసుపు కుంకుమ పెట్టారు గానీ, పాస్‌వర్డును మాత్రం ముట్టుకోలేదు. అంత భక్తి!

ఠాణాకు వెళ్లి సబ్‌ఇన్‌స్పెక్టరుకు ఇదంతా వివరించాను. కథలు చెప్పొద్దన్నాడు. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే నేరం వాళ్లదేనట. బల్ల మీద కూర్చున్న ఏసుదాసు తలెత్తలేదు. నాకు ఒళ్లు మండింది.

ఠాణా గోడకు కూడా మా సంస్థ రౌటరే ఉంది, అదే రకం. చేసి చూపిస్తానంటే సబ్‌ఇన్‌స్పెక్టరు నవ్వి, కానివ్వమన్నాడు. నా ఫోన్‌లోని మొబైల్ డేటాతో, అంటే బయటి నుంచే, ఆ ఒకటే పాస్‌వర్డు కొట్టి ఆ రౌటర్ పేజీ తెరిచి, అదే గడిలో, ఆగి మళ్లీ మొదలవ్వమని ఆదేశం రాశాను. గోడ మీది రౌటర్ దీపాలు ఆరిపోయాయి. కంప్యూటర్ ముందున్న కానిస్టేబుల్ "నెట్ పోయింది సార్!" అని అరిచాడు.

సబ్‌ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగింది. "మరి ఎవడన్న గీ డబ్బాకెళ్లి గా బ్యాంకు మీద పడితే?"

"కనెక్షన్ మీ ఠాణా పేరున ఉంది సార్. మీ మీద మీరే కేసు రాసుకోవాలె," అన్నాను.

నాతో సాంకేతిక నివేదిక రాయించుకుని, సాయంత్రానికి ఏసుదాసును ఇంటికి పంపాడు. కేసు రాయలేదు. అతని కొలువు నిలిచింది.

మర్నాడే మా మేనేజరు ఠాణాకు కొత్త రౌటర్ పంపాడు. ఏసుదాసు ఇంటి సంగతేమిటని అడిగితే, అది పనిచేస్తూనే ఉంది కదా అన్నాడు. నేను పోరు పెట్టి ఆ ఒక్కటీ మార్పించాను. మిగిలిన ఇళ్లలో పాత పెట్టెలు ఉండగానే నా పదవీ విరమణ జరిగింది. లోపం ఎంత పెద్దదని మా సంస్థ ఎన్నడూ అడగలేదు. ఎవరి గోడకు ఉందని మాత్రమే అడిగింది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.