తగ్గించిన కారం

మా అన్న చేపలు పట్టేవాడు, నేను వండేదాన్ని. సెలవులంటే మా ఇంట్లో చాలా ఏళ్లపాటు అదే.

అన్న నాకంటే పదకొండేళ్లు పెద్ద. అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయేనాటికి నాకు పన్నెండేళ్లు. నన్ను పెంచి పెళ్లి చేసింది అన్నే. ఆ పెళ్లి మూడేళ్లకే చెదిరిపోతే బోధన్‌లోని అతని ఇంటికే తిరిగొచ్చాను. మరో రెండేళ్లకు వదిన జ్వరంతో చనిపోయింది. వాళ్ల పాపకు అప్పుడు నాలుగేళ్లు. సమాధి దగ్గరి నుంచి ఇంటికొచ్చాక అన్న పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి, "దీన్ని నువ్వు సూస్కో చెల్లె. బయట పని నేను సూస్కుంట" అన్నాడు. ఇల్లు అలాగే నడిచింది.

అన్నకు బస్టాండు వెనక మోటర్ల వైండింగు దుకాణం ఉండేది. చుట్టుపక్కల రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి అతని ముందు దింపేవారు. వారమంతా రాగి తీగ చుడుతూ వంగి కూర్చునే మనిషికి, ఆదివారం చర్చి అయ్యాక గాలం తప్ప వేరే ధ్యాస లేదు. గాలానికి నీళ్ల మీద తేలే బెండు కొనుక్కునేవాడు కాదు. నెమలి ఈక కాడను కోసి, కొసకు ఎర్ర రంగు పూసి తనే చేసుకునేవాడు. కోటగిరి వైపు కాలువ గట్టు మీద ఎక్కడ నీళ్లు నెమ్మదిస్తాయో, ఏ తూము దగ్గర కొర్రమట్టలుంటాయో అతనికి తెలుసు.

నేను చిన్న తరగతులకు పాఠాలు చెప్పే బడికి డిసెంబరులో పది రోజులు క్రిస్మస్ సెలవులిస్తారు. ఆ పది రోజుల్లో రెండు మూడు రోజులైనా అన్న దుకాణం మూసేవాడు. పాపను బండి మీద ముందూ, నన్ను వెనకా ఎక్కించుకొని కందకుర్తికి తీసుకుపోయేవాడు. మంజీర గోదావరిలో కలిసే ఆ ఒడ్డున ఇసుక పొద్దున పూట పాదాలు కొంకర్లు పోయేంత చల్లగా ఉండేది. పాప గవ్వలు ఏరుకునేది. నేను సకినాల డబ్బా విప్పి కూర్చునేదాన్ని. అన్న అరచేతిలో తంబాకు, సున్నం వేసి నలిపి, ఎడమ దవడలో పెట్టుకొని, ఇక గంటల తరబడి కదిలేవాడు కాదు.

"అది ఉమ్మెయ్యన్నా" అంటే, "ఇది లేకుంటే నిద్రొస్తది చెల్లె. చేప గుంజినా తెల్వది" అనేవాడు. నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు గుర్తొస్తే ఆ నవ్వు మీద నాకు అసహ్యం పుడుతుంది.

నా మొదటి చేపల పులుసు అమ్మ పోయిన ఏడాదిలో వండాను. ఎవరూ నేర్పలేదు. చింతపండు ఎంత నానబెట్టాలో తెలియక గిన్నెడు రసం పిండి పోశాను. నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిసిపోయాయి. అన్న గిన్నె ఖాళీ చేసి, చేయి కడుక్కుంటూ, "రేపటికి జర తక్కువ పొయ్యి" అన్నాడు. ఆ రేపటి నుంచి ఎంత వండానో! ఉల్లిగడ్డలను పొట్టుతోనే నిప్పుల మీద కాల్చి, ఎండుకొబ్బరి, ధనియాలతో నూరి, మెంతిపొడి ఆఖర్న చల్లి దించేదాన్ని. అన్న ఆ పూట తినేవాడు కాదు. ఒక రోజు ఊరాలి. మర్నాడు పొద్దున చల్లటి పులుసులో వేడి జొన్నరొట్టె ముంచుకొని, ముక్కు చీదుకుంటూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ తినేవాడు. అంత కారం కావాలి అతనికి.

రెండేళ్ల కిందటి డిసెంబరులో ఒక పొద్దున అలాగే రొట్టె ముంచి నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు.

"కారం ఎక్కువేసినవ్ చెల్లె" అన్నాడు.

"ఎప్పుడేసినంతనే ఏసిన గదన్నా."

"ఏమో, నోరు మండుతుంది."

మర్నాడు ఒక చెంచా తగ్గించాను. సంక్రాంతి నాటికి ఇంకొంచెం తగ్గించాను. ఎండాకాలం వచ్చేసరికి మా ఇంట్లో ఆవకాయ మూత తీయడమే మానేశాం. పప్పులో పచ్చిమిర్చి వేసి, ఉడికాక ఏరి పారేసేదాన్ని. అతను ఎడమవైపు నమలడం మానేశాడు. రొట్టె మానేసి మెత్తగా కలిపిన అన్నం అడగసాగాడు. వయసు మీద పడుతోందనుకున్నాను. యాభై దాటిన మనిషి కదా, కారం పడటం లేదనుకున్నాను. పైగా, అతనికి పడేలా చప్పగా వండటం నేర్చుకుంటున్నానని లోలోపల మురిసిపోయాను కూడా. ఆరు నెలలు అలా గడిచాయి. ఆ ఆరు నెలల్లో ఒక్కసారైనా "నోరు తెరువన్నా, సూస్తా" అనలేదు.

నోరు తెరిపించింది పాప. తను అప్పటికి నిజామాబాద్‌లో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉండేది. జూన్‌లో ఇంటికొచ్చి, అన్నం తింటున్న తండ్రిని కాసేపు చూసింది. చేయి కూడా కడుక్కోకుండా ఫోన్‌లో లైటు వేసి, "బాపూ, ఆ అను" అంది. అన్న నవ్వుతూ నోరు తెరవబోతే సగమే తెరుచుకుంది. పాప లైటు ఆర్పేసి వంటింట్లోకి వచ్చింది. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అత్తమ్మా, ఎన్ని దినాలైంది గిట్ల?"

"ఎట్ల?"

"లోపట పుండున్నది. తెల్లగున్నది. నీకు తెల్వదా?"

నాకు తెలియదని చెప్పాను. అది నిజమే. కానీ కారం ఎప్పుడు తగ్గించడం మొదలుపెట్టానో మాత్రం రోజుతో సహా తెలుసు.

హైదరాబాద్‌లో ఎడమ దవడా, నాలుకలో సగానికి పైగా తీసేశారు. తొడ నుంచి కండ కోసి చెంపకు అతికించారు. ఆ తర్వాత ముప్పై రోజులకు పైగా కరెంటు పెట్టారు. మా వైపు రేడియేషన్‌ను అలాగే అంటారు. మింగితే ఏదైనా సరే ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పి, పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చారు. ఇంటికొచ్చాక అతని మాట నాకూ పాపకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అది అతనికీ తెలుసు. అందుకే మాట్లాడటం తగ్గించి, పాప పాత నోటుబుక్కులో రాసి చూపించడం మొదలుపెట్టాడు.

అన్నం, పప్పు, క్యారెట్ మెత్తగా ఉడకబెట్టి, మిక్సీలో తిప్పి, పలుచటి బట్టలో వడకట్టి, పెద్ద సిరంజితో గొట్టంలోకి పోయాలి. రోజుకు ఐదుసార్లు. ఉప్పు ఉన్నా లేకపోయినా ఒకటే. అయినా నేను ఉప్పు వేసేదాన్ని.

నా కోసం వండుకోవడం మానేశాను. అతని ఎదురుగా ఎలా తినను? పొద్దున బడికి పోతూ దారిలో రెండు ఇడ్లీలు, సాయంత్రం వంటింటి తలుపు చాటున నిలబడి చల్లటి అన్నంలో పచ్చడి. అతనికి తెలియదనుకున్నాను. ఆ ఏడాది క్రిస్మస్ సెలవుల్లో ఒక రోజు నన్ను పిలిచి పుస్తకం చూపించాడు. 'ఇల్లు వాసనొస్తలేదు. పొయ్యెందుకు ముట్టిస్తలేవు?' అని ఉంది.

"ఎవలికోసం ముట్టియ్యాలన్నా?" అన్నాను.

పుస్తకం లాక్కొని మళ్లీ రాశాడు. 'నా కోసమే. వాసనన్న రానీ.'

ఆ రోజు నుంచి మళ్లీ పోపులు పెట్టాను. అన్న వంటింటి గడప దగ్గర స్టూలు వేసుకొని కూర్చునేవాడు. నూనెలో ఎల్లిపాయ ఎర్రబడితే చేయి ఊపేవాడు, దించమని. బెండకాయ వేపుతుంటే కళ్లు మూసుకునేవాడు. నాకు భయంగా ఉండేది కానీ, అతని ముఖంలో ఏదో కాస్త తేరుకున్నట్టు కనిపించేది. వేసవిలో మెడకు తువ్వాలు చుట్టుకొని మళ్లీ కాలువకు పోయాడు. తను తినలేని చేపలు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను వండి, అతని ముందే కూర్చొని తిన్నాను. అలా తినమని అతనే పట్టుబట్టాడు. ప్రతి ముద్దకూ నా నోటివంక చూసేవాడు. నేను మింగినప్పుడు అతని గొంతు కదిలేది.

పోయిన డిసెంబరులో పాప సెలవులకు వచ్చింది. వచ్చిన రోజే నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. ఆ వారమే నిజామాబాద్‌లో డాక్టరు అన్న మింగగలడో లేదో పరీక్ష చేసి పంపించాడు. కాగితాలు పాప దగ్గరున్నాయి.

"అత్తమ్మా, బాపుకు ఇగ మింగుడు రాదు. గొట్టం ఎప్పటికీ ఉంటది."

"ఆయనకు చెప్పిండ్రా?"

"చెప్పలే. నువ్వు చెప్తవా?"

నేను చెప్పలేదు. పండుగ పోనీ అన్నాను. పాప కూడా సరేనంది. ఇద్దరం కలిసి కొబ్బరి, బెల్లం నింపి గర్జెలు చేశాం. గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టాం. క్రిస్మస్‌కు ముందు రోజు అన్న కోటగిరి కాలువ నుంచి మూరెడు కొర్రమట్టను తెచ్చి, తొట్టిలో వదిలి, పుస్తకంలో రాశాడు. 'వెనకటి లెక్క వండు. కారం తగ్గియ్యకు.'

తగ్గించలేదు. చాలా రోజుల తర్వాత చేయి బిగపట్టకుండా వేశాను. పులుసు మరుగుతుంటే పాప తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తింది. అన్న స్టూలు మీద కూర్చొని మూత దించేదాకా కదల్లేదు. రేపు పొద్దున రొట్టెలు చేసుకొని తినండని సైగ చేశాడు.

పండుగ పొద్దున నేనూ పాపా చర్చికి పోయాం. అన్న రానన్నాడు. జనం చెంప వైపు చూస్తారని ఆపరేషన్ తర్వాత ఒక్క ఆదివారం కూడా రాలేదు. ప్రార్థన అయ్యాక అందరితో చేతులు కలిపి, కేకు ముక్కలు పట్టుకొని పదకొండింటికల్లా ఇంటికొచ్చాం. తలుపు తీసే ఉంది. లోపలి నుంచి దగ్గు వినిపిస్తోంది. దగ్గు కూడా కాదు, ఊపిరి కోసం కొట్టుకుంటున్న చప్పుడు.

వంటింట్లో నేల మీద కూర్చొని ఉన్నాడు. పెదాలు నీలంగా మారాయి. బనియను మీద మెడ నుంచి పొట్ట దాకా పులుసు. పక్కన గిన్నె, అందులో గరిటె. పాప చేతిలోని కేకు పడేసి, అతన్ని ముందుకు వంచి, వీపు మీద కొడుతూ అరిచింది. "బాపూ, ఏం చేసినవ్ బాపూ! అత్తమ్మా, ఆటో పిలువు!"

నిజామాబాద్ ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. సెలవులన్నీ అక్కడే అయిపోయాయి. పులుసు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అయ్యిందన్నారు. నాలుగో రోజుకు ముఖం మీది ఆక్సిజన్ మాస్కు తీసి సన్నటి గొట్టం పెట్టారు. కాస్త తెలివిగా చూశాడు. అప్పటిదాకా నాకు ఏడుపే వచ్చింది. అప్పుడు కోపం వచ్చింది.

"గంత ఆశపడ్డవా అన్నా? పానం మీదికి తెచ్చుకుంటవా? మమ్మల్నన్న యాది చేసుకోలేదా?"

పుస్తకం కోసం చేయి చాపాడు. అక్షరాలు గీతలు దాటిపోయాయి.

'ఏం రుచి తెల్వలే చెల్లె. కారం లేదు, పులుపు లేదు. ఉత్త మంట.'

చదివి పుస్తకం మూశాను. రేడియేషన్‌తో నోట్లో రుచి చచ్చిపోయి ఉంటుందని పాప తర్వాత చెప్పింది. వాసన ఉంది కాబట్టి రుచి కూడా ఉందనుకున్నాడు అన్న. ఏడాది పాటు గడప దగ్గర స్టూలు మీద కూర్చొని అతను ఎదురుచూసింది ఆ రుచి కోసమే. నేను పోపులు పెట్టి ఆ ఆశను పెంచాను.

ఇంటికి పంపే ముందు డాక్టరు నన్నూ పాపనూ గదిలోకి పిలిచాడు. న్యుమోనియా కోసం తీసిన ఫోటోలో ఊపిరితిత్తుల్లో వేరే మచ్చలు కూడా కనిపించాయి. పాత జబ్బే, అక్కడికి పాకింది. "మళ్లా హైదరాబాద్ పోవాల్నా సార్?" అని అడిగాను. "పోతే పొండి. కానీ ఇబ్బంది పెట్టుడే అయితది" అన్నాడు. పాప తల దించుకొని కాగితాలు మడతపెట్టింది. తను రోజూ వార్డులో ఇలాంటి మాటలు వింటుంది. తన తండ్రి గురించి వినడం అదే మొదటిసారి.

ఈసారి దాచలేదు. ఇంటికొచ్చిన సాయంత్రం మంచం పక్కన కూర్చొని పాపే చెప్పింది. అన్న విని, ఆమె తల మీద చేయి పెట్టాడు. కాసేపటికి నా వైపు తిరిగి వంటింటి తలుపు చూపించాడు. ఏం కావాలో అర్థం కాలేదు. మూసెయ్యమని చేత్తో చూపించాడు. మూశాను.

అప్పటి నుంచి ఆ తలుపు మూసే ఉంటుంది. వాసన తగిలితే ముఖం తిప్పుకుంటున్నాడు. బడి తెరిచారు, పాప హాస్టలుకు పోయింది. నేను రోజూ పొద్దున కిటికీ తెరిచి, తలుపు వేసుకొని, ఒక్కదానికి పిడికెడు బియ్యం, కాస్త చారు పెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం బడి నుంచి పరిగెత్తుకొచ్చి జావ పోసి మళ్లీ పోతాను. అది లోపలికి దిగుతుంటే అతను కిటికీలోంచి రోడ్డు మీద చెరుకు బండ్లు పోవడం చూస్తాడు. ఒక్కోసారి సగంలోనే నా చేయి పట్టుకొని ఆపేస్తాడు. చాలంటాడు. అతను చాలనే కొలత రోజురోజుకూ చిన్నదవుతోంది.

పాప రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది.

"బాపు తిన్నడా అత్తమ్మా?"

"తిన్నడు బిడ్డా."

"ఎంత?"

నిన్నటికంటే తక్కువని చెప్తాను. తను సరేనంటుంది. ఎవరో ఒకరం ముందు ఫోన్ పెట్టేస్తాం.