హారతి పట్టిన ఫ్లాపీలు

మా నాయన తిమ్మప్పకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకు రావలసినదంతా కలిపి నాకే వచ్చిందని మా ఇంట్లో అంటారు. అననీ. ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పెరిగితే మీరు మాత్రం ఏమీ అనుకోకండి.

నాయనది రొద్దం పక్క పల్లె. భూమి ఉంది, మల్బరీ తోట ఉంది, ఇంట్లో పట్టుపురుగుల పెంపకం ఉంది. పెద్దకొడుకు కదా, బుద్ధిగా సేద్యం చూసుకోవాలి. చూసుకున్నాడా? పట్టుగూళ్ళు అమ్మడానికి హిందూపురం మార్కెట్టుకు పోయినవాడు, ఆ పట్టు చివరికి ఏమవుతుందో చూద్దామని అటునుంచి అటే ధర్మవరం రైలెక్కాడు. అక్కడ ఒక మగ్గం ఇంట్లో, గ్రాఫు కాగితం మీద చీర అంచు గీస్తున్న మనిషి కనిపించాడు. ఆ మనిషి పక్కన కూర్చున్న మా నాయన మళ్ళీ సేద్యానికి లేవలేదు. "భూమి ఉన్నోడివి, గళ్ళల్లో సుక్కలు పెట్టుకుంటా బతుకుతావేమిరా?" అని మా తాత నెత్తి కొట్టుకున్నాడట.

ఆ సుక్కల పనేమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. పట్టుచీర అంచులో నెమలి కనిపిస్తోందంటే, ముందుగా ఎవరో ఒకరు గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపి ఆ నెమలిని గీసి ఉండాలి. ఆ గళ్ళ లెక్కన అట్టలకు చిల్లులు కొడతారు. ఆ చిల్లుల లెక్కన మగ్గం మీద దారాలు లేస్తాయి. కాగితం మీద ఒక్క గడి తప్పిందా, చీర పొడుగునా ప్రతి నెమలికీ ముక్కు వంకరే.

షావుకార్లు అడిగినవి నాయన గీసి ఇచ్చేసేవాడు. అవి వాళ్ళవి, కాగితంతో సహా పట్టుకుపోయేవాళ్ళు. తీరిక ఉన్నప్పుడు తనకోసం గీసుకున్నవి వేరే ఉండేవి. వేరుశెనగ చెట్టు వేళ్ళతో సహా, పల్లేరు కాయలు, పెనుకొండ కోట గోడ మీద తొండ, ఆకు తింటున్న పట్టుపురుగు. వాటిని ఎవరూ కొనలేదు. "తొండ అంచు చీర ఎవరు కట్టుకుంటారు నాయనా?" అని నేను నవ్వితే, "కట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదులే మ్మే" అనేవాడు. అవన్నీ ఇనప పెట్టెలో ఉండేవి. ప్రతి ఆయుధపూజకూ బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ లోపల పెట్టేవాడు. మనిషి బతుకంతా ఏం చేశాడని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ పెట్టె తప్ప ఆయనకు ఇంకేమీ లేదు.

నాకు పెళ్ళై పెనుకొండకు వచ్చిన కొన్నేళ్ళకు నాయన కళ్ళు మసకబారాయి. కంట్లో ఒత్తిడి పెరిగిందని, పోయిన చూపు ఇక రాదని, ఉన్నది కూడా నిలవదని బెంగుళూరు డాక్టరు చెప్పాడు. నేను ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. ఆయన నా భుజం తట్టి, "ఆ హిందూపురం పిల్లోడు మురళి ఉండాడు కదా, వానిని ఒకసారి కలవాల" అన్నాడు.

మురళీధర్ వాళ్ళది హిందూపురంలో బెల్లం అంగడి, కోమట్లు. అంగట్లో కూర్చోమంటే కూర్చోకుండా కంప్యూటరు నేర్చుకుని, ధర్మవరం వచ్చి చీరల డిజైన్ సెంటర్ పెట్టాడు. ఫ్లాపీలనే చదరపు బిళ్ళల్లో డిజైన్లు దాచుకునే కాలం అది. చేత్తో గీసేవాళ్ళందరూ మా కడుపు కొట్టడానికి వచ్చాడని వాణ్ణి శాపనార్థాలు పెట్టారు. మా నాయన మాత్రం పెట్టె నెత్తిన పెట్టుకుని వాడి గుమ్మంలోకి పోయాడు.

"అబ్బయ్యా, నా కండ్లు పోయేలోగా ఇవన్నీ నీ పెట్టెలోకి ఎక్కల్ల. ఎక్కుతాయా?"

"ఎక్కుతాయి మామా."

"నేను పోయినా ఉంటాయా?"

"ఉంటాయి. కాగితమైతే చెదలు తింటుంది. దీన్ని ఏ పురుగూ తినదు."

ఎండలు పోయి వానలు వచ్చేదాకా ఇద్దరికీ అదే పని. నాయన కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని, "ఎరుపు, ఎరుపు, వదులు, జరీ, వదులు" అని చదివేవాడు. మురళి ఒక్కొక్క గడీ నింపేవాడు, వదులన్నది ఖాళీగా ఉంచేవాడు. ఒక అంచు పూర్తయితే నాయన తెర దగ్గరికి ముఖం పెట్టి, చాలాసేపు చూసి, "ఉండాదిలే" అని నిట్టూర్చేవాడు. సొంత పని మానుకుని వాడెందుకు చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే నవ్వేవాడు. వాణ్ణి నేను తర్వాత ఎన్ని మాటలన్నా, ఆ ఒక్కదానికి చెయ్యెత్తి దండం పెట్టాలి.

ఆయుధపూజ వచ్చింది. ధర్మవరంలో ఆ రోజు పూజ లేని వస్తువుండదు. మగ్గానికి, అటూ ఇటూ దారం మోసే నాడెకు, కత్తెరకు, సైకిలుకు, అన్నిటికీ కుంకుమే. మురళి కూడా కంప్యూటరుకు పూలదండ వేశాడు. డిజైన్లు చేయించుకున్న మగ్గాల వాళ్ళందరూ తమ తమ ఫ్లాపీలు పూజకు తెచ్చారు. అక్కడ వాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఫ్లాపీని ఊరికే దేవుడి ముందు పెడితే సరిపోదు, మగ్గం ఆడినట్టు అది కూడా ఆడాలి. అందుకని ఒక్కొక్కటీ మిషన్లో పెట్టి, డిజైన్ తెర మీదికి తెప్పించి, హారతి చూపించి, తీసి, మరొకటి పెట్టడం. డిజైన్‌ను తెరిచే చిన్న ప్రోగ్రాం కూడా ప్రతి ఫ్లాపీలోనే ఉండేది.

ముందుగా జయరాముడి ఫ్లాపీ పెట్టారు. పెద్ద మగ్గాల ఆసామి, గౌరవం ఇవ్వాలి కదా. ఆయనింట్లో ఎవరో అదే ఫ్లాపీలో ఎక్కడినుంచో ఒక ఆట ఎక్కించుకుని ఆడుకుంటూ ఉన్నారు. ఆ సంగతి పాపం ఆయనకే తెలియదు.

నాయన ఫ్లాపీలు రెండు కట్టలు ఉండేవి. ఒకటి వాడేది, రెండోది అవే బొమ్మల నకలు, తోడుకు దాచినది. మురళి రెండో కట్టను బీరువాలోనే ఉంచాడు.

"అవేంటికి తీయలేదు?" అన్నాడు నాయన.

"ఇవి చెడిపోతే పనికొస్తాయని పక్కన పెట్టినా మామా. ఉండనీలే."

"అవేం పాపం చేసినాయబ్బా? పండగ పొద్దు పూజ లేకుండా ఉంచగూడదు. తెచ్చి ఆడించు."

మురళి తెచ్చాడు. హారతి పళ్ళెం నాయనే పట్టుకున్నాడు. అప్పటికి ఆయన కళ్ళకు ఆ మంట ఒక్కటే ఆనుతోంది. ఎంత సంతోషంగా ఉన్నాడో ఆ పొద్దు! నా పిల్లల పుట్టువెంట్రుకలప్పుడు కూడా అంత సంతోషం చూడలేదు.

సాయంత్రం గ్రాఫు కాగితాలను చిత్రావతికి తీసుకుపోయాం. పూజలందుకున్న వాటిని కుప్పలో వేయకూడదు, కాల్చకూడదు, పారే నీళ్ళలో వదలాలి. ఆ ఏడు వానలు పడి ఏరు పారుతోంది. మా అమ్మ గంగులమ్మ, "ఒక్కటన్నా పెట్టుకోరాదా?" అంది. "కంప్యూటర్లో ఉండాయి కదా గంగులూ, చెదలు పట్టే కాగితాలేంటికి?" అని ఒక్కొక్కటే వదిలాడు నాయన. రంగులు కరిగి నీళ్ళలో కాస్త దూరం పోయాయి.

శివరాత్రి దగ్గర పడింది. ఒక పొద్దున మురళి కంప్యూటరు తెరిస్తే నల్ల తెర మీద ఏదో పిచ్చి రాత వచ్చి, లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వాడు వెంటనే నాయన ఫ్లాపీలు తీసి పక్కవాళ్ళ మిషన్లో పెట్టాడు. ఆడిస్తే ఆ మిషనూ, ఫ్లాపీలూ తుడుచుకుపోయాయి. రెండో కట్టలో ఉన్నా ఉంటాయని, ఆశ చావక, ఒక్కొక్కటే పెట్టి చూశాడు, అవీ పోయాయి. ఆగి ఉంటే ఏమైనా మిగిలేదేమో! భయంలో ఎవరు ఆగుతారు?

కంప్యూటరును గోతంలో కట్టుకుని రైల్లో హిందూపురం పోయి, తనకు చదువు చెప్పిన సారుకు చూపించాడు. తిరిగి వస్తూ పెనుకొండలో దిగి మా ఇంటికి వచ్చాడు. ముఖం చూసి నాయనకే ఏమైనా అయిందనుకున్నాను.

"వైరస్ అంటక్కా" అని చెప్పుకొచ్చాడు. అదీ మనుషులు రాసిన ప్రోగ్రామేనట. సొంతంగా బతకలేక ఇంకో ప్రోగ్రాంకు అతుక్కుని ఉంటుందట. ఆ ప్రోగ్రాం ఆడించగానే అదీ లేచి, మిషన్ జ్ఞాపకంలో దాక్కుని, తర్వాత ఆడించే ప్రతిదానికీ తన నకలు ఒకటి అంటిస్తుందట. పేరు అదే, పని అదే, కాస్త బరువు పెరుగుతుంది, ఎవరు చూస్తారు? తనకు పెట్టిన తేదీ వచ్చేదాకా కిమ్మనకుండా పడి ఉంటుందట. "జయరాముడి ఫ్లాపీలో ఎవురో ఎక్కించుకున్న ఆటతో వచ్చిందట. పూజ పొద్దు దాన్నే ముందు పెట్టినాము. దాని వెనక పెట్టినవాటికన్నిటికీ పట్టింది. హారతిచ్చి మరీ పట్టించినాము" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాకు కంప్యూటరు తెలియదు గానీ పట్టుపురుగులు తెలుసు. రోగమున్న ఇంటి తట్ట మన ఇంట్లోకి వస్తే చాలు. మన పురుగులు రోజూలాగే ఆకు తింటాయి, గూడు కట్టే వేళకు నల్లబడి వాలిపోతాయి. అందుకే పక్కింటి తట్టను గడప దాటనివ్వం. ఇక్కడ అంత జాగ్రత్త ఎవరికి తోచింది? నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. బెల్లం కొట్టుకోక నీకెందుకురా ఈ పని అన్నాను.

చివరికి మిగిలింది ఒకటే ప్రశ్న. నాయనకు ఎవరు చెప్పాలి? చూపు పూర్తిగా పోయింది అప్పటికి. చెబితే ఎలా పట్టిందని అడుగుతాడు. రెండో కట్ట తెప్పించింది తానేనని గుర్తొస్తుంది. ఇద్దరం చెప్పకూడదనుకున్నాం.

నాయన రోజూ సెంటర్‌కు పోయే అలవాటు మానలేదు. మురళి కొత్త కంప్యూటరు తెచ్చుకున్నాడు. వచ్చీ రాగానే నాయన ఏదో ఒక అంచు తెరవమనేవాడు. నేను ఒకసారి ధర్మవరం పోయినప్పుడు అదంతా కళ్ళారా చూశాను.

"పల్లేరు కాయల అంచు తెరిచినావా?"

"తెరిచినా మామా."

"ముండ్లు కొంచెం మొద్దుగా ఉండాయి. ఒక గడి తగ్గించు."

మురళి ఖాళీ తెర ముందు కూర్చుని కీబోర్డు టకటకలాడించాడు. "తగ్గించినా."

"చిలకల అంచు తీయి. ముక్కులకు ఎరుపు పడిందా?"

"పడింది మామా. బాగుండాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డివాణ్ణి పట్టుకుని ఆడిస్తున్నాడని కాదు, ఆ నాటకంలో నేనూ ఉన్నానని. నాయన చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోతున్నాను.

"మ్మే సుశీలా, వానిని ఏమీ అనగాకు" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమని నాయనా?"

"ఆ పెట్టెలో ఏమీ లేవు. నాకు తెల్సు."

నేను ఆయన వైపు తిరిగాను. "ఎవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? నాకోసమని చిలకలు నేను యాపొద్దన్నా గీసినానా? ఇంతకు ముందు గూడా రెండు మూడు మార్లు లేనివి అడిగినా. అన్నీ ఉండాయనే అంటాడు. మగ్గాల వాళ్ళవి పోయినాయని బజారంతా చెప్పుకుంటాండారు, నావి ఎట్లుంటాయి?"

"మరి రోజూ ఏంటికి పోతాండావు నాయనా?"

"పోకపోతే నాకు తెలిసిపోయిందని వానికి తెలుస్తుంది. తెచ్చి ఆడించమనింది నేను. ఆ మాట నా నెత్తిన పడకూడదని వాడు దాచుకుంటాండాడు. దాచుకోనీ. నా మంచికి చేస్తాండాననే తృప్తి అన్నా వానికి ఉండనీ."

"నీ బొమ్మలు పోయినాయి కదా నాయనా" అన్నాను.

ఆయన కుడిచెయ్యి నా చేతిలోంచి తీసుకుని, గాలిలో కాసేపు కదిలించాడు, గడి నింపినట్టు. తర్వాత, "బొమ్మ గురుతుకు రాలేదమ్మా. కాగితం ఉంటే గళ్ళెంబడి చెయ్యే పోయేది, ఇప్పుడు యాడా ఆనుకోదు" అని నడిరోడ్డు మీద, వచ్చే పోయే జనం చూస్తుండగా, నోరు తెరిచి ఏడ్చాడు. నేను కొంగుతో ముఖం తుడుస్తూ నిలబడ్డాను, అంతకంటే ఏం చేయగలను? మరుసటి రోజు మళ్ళీ సెంటర్‌కు పోయాడు. బతికినన్నాళ్ళూ పోయాడు.

నాయన కర్మంతరానికి మురళి వచ్చాడు. పనులన్నీ తానే మోశాడు. జనం పోయాక, విస్తరి ముందు కూర్చుని నా వైపు చూశాడు.

"ఒక్కటే సంతోషం అక్కా. కడదాకా మామకు తెలీలేదు. అన్నీ ఉండాయనుకునే పోయినాడు."

నోరు పారేసుకునే మనిషిని నేను. అంత మందిని అన్నిన్ని మాటలన్నదాన్ని.

"అవునబ్బా, అట్లే పోయినాడు" అన్నాను. "చారు పోసుకో, అన్నం చల్లారిపోతాంది."