చుక్క పెట్టని సామాను

కాలేజీ కట్టించిన వాళ్ళ పేర్లు గోడ మీద చెక్కుతారు. కాలేజీని ఒక్క పూటలో ముంచేసిన వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ చెక్కరు. చెక్కితే మొదటి పేరు నాదే అయ్యేది. ఆ ముంచడంలో నా కడుపున పుట్టిన పిల్ల కూడా మునిగింది. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. మధ్యలో కళ్ళు తుడుచుకోవడానికి ఆగుతున్నాను, అంతే.

డెబ్బైల చివరి మాట. అమలాపురం దగ్గర ఒక ఆడపిల్లల కాలేజీలో నేను ఆయాను. అక్షరం ముక్క రాదు. అయినా నల్లబల్ల మీద రాసింది చెరపడంలో ఏ పండితుడికీ తీసిపోయేదాన్ని కాదు. మా అమ్మాయి సువార్త ఇంటర్ సైన్సు పాసయింది. బి.ఎస్సీ. చదవాలని దాని ఆశ. మా కాలేజీలో ఉన్నది బి.ఏ. ఒక్కటే.

“మగపిల్లల మధ్య కూర్చోబెట్టను. గోదారి దాటించను,” అన్నాడు మా ఆయన. ఆయన ఒకసారి అన్నాడంటే గోదారైనా వెనక్కి పారుతుందేమో గానీ ఆ మాట వెనక్కి రాదు.

ఇంతలో ప్రిన్సిపాలు గారు చల్లని కబురు చెప్పారు.

“రూతమ్మా, ఈ ఏడు మన దగ్గరే బి.ఎస్సీ. పెడుతున్నాం. యూనివర్సిటీ నుంచి కమిషను వారొచ్చి లాబరేటరీ చూసి సరేనంటే చాలు.”

“మనకి లాబరేటరీ లేదు కదండి?”

“అందుకేనమ్మా, నీకు ముందుగా చెబుతున్నాను.”

మర్నాటి నుంచి రిక్షాల్లో సామాను దిగడం మొదలైంది. కొత్తపేట వైపు కాలేజీ నుంచి కొంత, ముమ్మిడివరం వైపు నుంచి కొంత, ద్రాక్షారామం వైపు నుంచి కొంత. మైక్రోస్కోపులు గోనెసంచుల్లో ముసుగు కప్పుకుని, కొత్తకోడళ్ళలా తలొంచుకుని దిగాయి. గుమాస్తా గారు వాటి మీది పేర్లు కనపడకుండా మా కాలేజీ పేరు చీటీలు అంటించేశారు. వృక్షశాస్త్రం మేష్టారిని కూడా ఆ ఒక్కరోజుకి ఏటవతలి నుంచి ఎరువు తెచ్చారు.

“సర్దే పని నీదే రూతమ్మా,” అన్నారు ప్రిన్సిపాలు గారు. “ఎవరివి వారికి చేరాలి. ఒక్కటి తారుమారైనా నా పరువు పోతుంది.”

ఎరువు సొమ్ము బరువు చేటంటారు. అది పరువు చేటు కూడా అని చూపించే భాగ్యం నాకు దక్కింది.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. చర్చిలో ప్రేమవిందు జరిగితే గుండిగలు, గంగాళాలు ఇంటింటికీ వెళ్ళి తెస్తాం. చదువు రాని వాళ్ళం, పేర్లు చెక్కి ఉన్నా చదవలేం. అందుకని ఒక ఇంటి వాటికి సున్నం చుక్క, ఇంకో ఇంటి వాటికి పసుపు చుక్క పెడతాం. విందయ్యాక గరిటె కూడా తారుమారు కాదు. ఆ తెలివంతా నేను కాలేజీకి ధారపోశాను. కొత్తపేట వాటికి సున్నం, ముమ్మిడివరం వాటికి పసుపు, ద్రాక్షారామం వాటికి నీలిమందు. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను. చదివేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకుండానే పోయింది.

కమిషను వారు వచ్చారు. కొబ్బరిబొండాలు తాగారు. వారిలో పెద్దాయన ఒక మైక్రోస్కోపు వంచి చూసి, “ఈ పసుపేంటండి?” అన్నారు.

ప్రిన్సిపాలు గారు తడుముకోలేదు. “సరస్వతీ పూజ చేయించేమండి.”

“మరి ఈ తెలుపు?”

“విభూతండి.”

“బాగుంది. ఈ నీలం ఏ దేవుడికండి?”

ప్రిన్సిపాలు గారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టారు. అంత పెద్దమనిషి నలుగురిలో తడబడుతుంటే నేను ఊరుకోగలనా? మీరైతే ఊరుకునేవారు. అందుకే మీరు సుఖంగా ఉన్నారు.

“పూజ కాదండి, గుర్తండి!” అన్నాను. “నీలం ద్రాక్షారామం వారివండి. పసుపు ముమ్మిడివరం వారివండి. తెలుపు కొత్తపేట వారివండి. ఒక్కటి కూడా తారుమారవదండి, ఆయ్!”

“భేష్,” అన్నారు పెద్దాయన. “మరి మీ కాలేజీవి ఏవమ్మా?”

“చుక్క లేనివి మావండి.”

పెద్దాయన గదంతా వెతికారు. నేనూ సాయం వెతికాను. “అదుగోనండి, ఆ స్టూలు. ఆ సీసాలో కప్ప కూడా మాదేనండి. మన కాలవలోదే.”

“మరి ఈ మేష్టారికి ఏ రంగు పెట్టేవమ్మా?”

“ఆయనకెందుకండి? భోంచేసి ఆఖరి పంటు ఎక్కి ఏరు దాటేత్తారు కదండి!”

కమిషను వారు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే బి.ఎస్సీ. లేదని రాసి వెళ్ళిపోయారు.

ప్రిన్సిపాలు గారు నన్ను తిట్టలేదు. “నిన్నేమనగలనమ్మా? అందరికీ ఏం చెప్పాలో నేర్పేను. నీకు ఏం చెప్పకూడదో నేర్పలేదు,” అన్నారు. తిడితే బాగుండేది.

ఇంటి దగ్గర సువార్త కంచం ముందు నుంచి లేచి వెళ్ళింది. “ఊళ్ళో అందరి సామానూ జాగ్రత్త చేసేవే అమ్మా! నా చదువుకి ఒక చుక్క పెట్టలేకపోయేవా?” అంది.

ఆ ఏడాదంతా అది ఇంట్లోనే కూర్చుంది. ఆ కోపంలోనే పలక తెచ్చి నా ముందు పడేసి, “రాయి,” అంది. మేష్టరమ్మ కాదు, పోలీసు. అలా మా ఇంట్లో ఒకరికి చదువు ఆగిపోయిన ఏడాదే ఇంకొకరికి చదువొచ్చింది.

మరుసటి ఏడాది మళ్ళీ కమిషను వచ్చింది. నాకు ఆ రోజు అడగకుండానే సెలవిచ్చారు. “ముక్తేశ్వరంలో మీ అక్కగారుందిగా, వెళ్ళి రామ్మా. నెమ్మదిగా రా,” అన్నారు ప్రిన్సిపాలు గారు. నేను వచ్చేసరికి బి.ఎస్సీ. మంజూరైపోయింది. సువార్త చేరింది. మళ్ళీ ఎరువు తెచ్చిన సామాను మాత్రం చక్కగా ఎవరిళ్ళకి వారిది వెళ్ళిపోయింది.

మూడేళ్ళూ పిల్లలు నల్లబల్ల మీది బొమ్మలు చూసి బొమ్మలు వేశారు. సువార్త ఫస్టు క్లాసులో పాసయింది. అప్పటికి మా ఆయన మెత్తబడి, ఎమ్మెస్సీ సీటు కోసం తనే దగ్గరుండి గోదారి దాటించాడు. అక్కడ దాన్ని మైక్రోస్కోపు ముందు నిలబెట్టి, “ఇందులో ఏం కనిపిస్తోందమ్మా?” అని అడిగారట.

పాపం, మైక్రోస్కోపు కింది అద్దాన్ని వెలుతురు వైపు తిప్పుకోవాలని పిల్లకెవరు నేర్పారు?

“చీకటండి,” అందట మా పిల్ల.

సీటు రాలేదు. ఇంటికొచ్చి, “నేనూ నీలాగే ఉన్నమాటే చెప్పేనే అమ్మా,” అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాబట్టి, లేటుగా నేర్చుకున్న ఈ అక్షరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కాలేజీకి కమిషను వచ్చినా, సామాను ఎవరిదని అడిగినా నిజం చెప్పను. అబద్ధమూ చెప్పను. వారు చూసి వెళ్ళగానే, సామాను లోపల ఉండగానే ఆ గదికి తాళం వేసి, తాళంచెవి మింగేస్తాను.