రెండు కోళ్ల మొక్కు

ఆ మధ్య విజయనగరంలో శ్రీకాకుళం వెళ్లే ప్రైవేటు బస్సెక్కి, హాయిగా కునుకు తీద్దామనుకున్నాను. సినిమా వేశారు. పడవ ఇంజను చెడిపోయి సముద్రంలో కొట్టుకుపోయిన ఒక జాలరి నిజకథట. వయొలిన్లు మొదలవగానే నా పక్కనున్న పెద్దావిడ కళ్లు మూసుకుని గంగమ్మతల్లికి కోడిని మొక్కింది.

"నిజంగా జరిగిన కథ కదమ్మా, అతను బతికే ఉంటాడు," అన్నాను ధైర్యం చెబుతూ.

"బతికే ఉన్నాడు బాబూ. ఆడు మా మరిదే," అంటూ ముందు సీట్లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మనిషిని చూపించింది. "అప్పుడు ఒక్క కోడికే ఒచ్చీసినాడు. అప్పుడీ వాయింపు నేదు గదా!"

ఇంతలో డప్పులూ తోడయ్యాయి. ఆవిడ రెండో కోడిని కూడా మొక్కేసింది.

హైవే ఎక్కాక వాళ్ల ఊరి మలుపులో బస్సు ఆగింది. తెర మీద పెద్ద అల లేచింది, ఆవిడ మాత్రం లేవలేదు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మరిది సంచులతో దిగి, కిటికీ దగ్గరకొచ్చి అరిచాడు.

"ఒదినా, నాను ఒడ్డుకొచ్చీసి ఎన్నాళ్లయిపోనాది! దిగు!"

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే కసిరింది.

"నువ్వుండరా అప్పన్నా, ఆడింకా నీళ్లల్లోనే ఉన్నాడు!"