పదకొండు నడుములు

మా అన్నయ్య దర్జీ. ఆయన దుకాణంలోనే కాజాలు, గుండీలు, హుక్కులు నా పని. అన్నయ్య కూతురికి పదహారేళ్లు. దానికి మేం పెట్టుకున్న పేరు డాక్టరమ్మ. బడిలో చదివేది అంతంతమాత్రమే గానీ, ఫోన్లో మాత్రం ఉన్న జబ్బులన్నీ చదివేసింది.

ఆ నెలంతా దాని కడుపు కుదురుగా లేదు. తిన్నాక ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, పొద్దున్నే బడికి బయల్దేరే వేళకు మరుగుదొడ్డికి పరుగు. ఫోన్‌ని అడిగితే అది గ్యాస్‌తో మొదలుపెట్టి, మూడో పేజీకల్లా శ్మశానం దాకా తీసుకెళ్లింది. పిచ్చిమొహం, మాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుందట, నాన్న చేతిలో కత్తెర వణుకుతుందట. అందుకని ఎవరికీ ఇబ్బంది లేకుండా, పరీక్షలయ్యాక చచ్చిపోదామని నిశ్చయించుకుంది.

అందాకా జబ్బు ఎంత పెరుగుతోందో తెలియాలిగా? భోజనానికి ముందోసారి, తర్వాతోసారి దుకాణం టేపుతో పొట్ట కొలుచుకునేది. ఎవరికీ తెలియకూడదని ఉత్త అంకెలు మాత్రం రాసిపెట్టేది. ఎక్కడనుకున్నారు? మా కొలతల పుస్తకంలో, వెనక పేజీలో! దొంగ వెళ్లి పోలీస్ స్టేషన్లో దాక్కున్నట్టు.

అదే వారం ఒక బడి నుంచి స్కర్టులకని బూడిదరంగు గుడ్డ తాను వచ్చింది. కొలతలు తామే వచ్చి పుస్తకంలో రాసి వెళ్తామన్నారు. అన్నయ్య పుస్తకం తిరగేస్తే పదకొండు నడుములు కనిపించాయి. ఇరవై ఆరు, ఇరవై ఏడున్నర, ఇరవై ఆరుంపావు... పుస్తకంలో అంకె ఉంటే ఆయన ఇక ఎవరినీ ఏమీ అడగడు. ఒంటి కొలత గురించి ఆరాలు తీస్తే మనుషులు నొచ్చుకుంటారని ఆయన పట్టుదల.

"చూశావా చెల్లీ, పిల్లలంతా ఒకే పళ్లెంలో తిని పెరిగినట్టున్నారు," అని మురిసిపోయాడు.

నేనూ తలూపాను. నా తెలివీ అంతే. ఆయన కుట్టిన పదకొండు స్కర్టులకీ హుక్కులు వేసింది నేనే.

శనివారం మధ్యాహ్నం బడి టీచరమ్మ కొలతల కాగితం పట్టుకుని వచ్చింది. "మరి ఇవెవరివండీ?" అని అన్నయ్య దండెం మీద వేలాడుతున్న స్కర్టుల్ని చూపించాడు. ఒక్కో స్కర్టుకీ పిన్నుతో గుచ్చిన అంకె ఉంది. అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మ ఆ అంకెలు చదివి పాలిపోయింది.

"అవి నావి నాన్నా."

"పదకొండూనా?"

"ఇది సోమవారం రాత్రి, తినకముందు. ఇది సోమవారమే, తిన్నాక. ఇది మంగళవారం..." ఒక్కో స్కర్టునీ వేలితో చూపిస్తూ పోయి, చివరిదాని దగ్గర భోరుమంది. "నాకు పెద్ద జబ్బొచ్చింది నాన్నా. చచ్చిపోతాను."

టీచరమ్మ స్టూలు మీద కూలబడింది. బడి గుడ్డ మా పిల్ల కడుపుబ్బరానికి బలైందని ఆవిడకు అప్పుడే అర్థమైంది. నాకు నవ్వొచ్చింది, నా మీద నాకే ఒళ్లు మండింది కూడా. నెలరోజులుగా అది నా పక్కనే కూర్చుని తింటోంది. నేను ఒక్కసారైనా దాని మొహం చూడలేదు.

అన్నయ్య దుకాణం తలుపు కూడా వేయకుండా దాన్ని ఆసుపత్రికి నడిపించాడు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, పరీక్షలు రాశారు. మూడు రోజుల తర్వాత మేం ముగ్గురం వెళ్తే, ఫలితాల కాగితాలు చూసి, "భయపడాల్సిందేమీ లేదమ్మా. కొందరి పేగులు సుకుమారం. నువ్వు కంగారు పడితే అవి బిగుసుకుంటాయి, అవి బిగుసుకుంటే నువ్వు ఇంకా కంగారు పడతావు. వేళకు తిను, ఫోన్లో వెతకడం మానెయ్. విరేచనంలో రక్తం పడినా, బరువు తగ్గినా మాత్రం వెంటనే రా," అన్నారు.

నేను హమ్మయ్య అనుకున్నాను. పిల్ల మాత్రం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మళ్లీ ఏడుపు.

"ఇంకా ఎందుకే? ఏమీ లేదన్నారుగా!" అని కసిరాను.

"అదే అత్తా. కాగితాల్లో ఏమీ లేదు. రేపు నొప్పొస్తే ఎవరు నమ్ముతారు?"

అన్నయ్య వెళ్లి దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. జనం మమ్మల్ని తప్పించుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

"ఇప్పుడుందా నొప్పి?" అని అడిగాడు.

"ఉంది."

"సరే. తగ్గేదాకా కూర్చుందాం."