ఏడు హెచ్‌పీ గాలం

కోరుట్లలో గాలాలమ్మే ఆ దుకాణం తలపుకొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

గల్ఫ్‌లో పనిచేస్తూ పడి, మా ఆయన కుడి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాడు. ఎముక అతికిందని, ఆడిస్తూ ఉంటేనే చేతికి పట్టు వస్తుందని జగిత్యాల డాక్టరు చెప్పాడు. ఈయన ఆడిస్తేనా! చేపలు పట్టడమంటే మాత్రం ప్రాణం. ఆ వంకతోనైనా చెయ్యి కదులుతుందని గాలానికి దారం చుట్టే రీలు కొనడానికి ఇద్దరం కోరుట్ల వెళ్లాం.

దుకాణదారు రెండు రీళ్లు ముందు పెట్టాడు. ఒకదాని మీద ఐదు, ఇంకోదాని మీద ఏడు.

"గీ నంబరేంది సేటూ?" అన్నాడు మా ఆయన.

"గేరు అన్నా. బాయి మోటరు లెక్కనే అనుకో. ఐదు హెచ్‌పీ ఏడ, ఏడు హెచ్‌పీ ఏడ? ఏడైతే ఎంత పెద్ద చేపనైనా గుంజుతది."

బావి మోటర్లతో బతికేవాళ్లం. పెద్ద నంబరంటే పెద్ద బలమేగా అనుకున్నాం. ఏడే తెచ్చుకున్నాం.

సారంగాపూర్ దగ్గరి చెరువులో మొదటి రోజే పెద్ద బొచ్చె చేప పడింది. ఆయన పళ్లు బిగబట్టి తిప్పినా హ్యాండిల్ కదల్లేదు. చివరికి దారం తెగింది. "నా చెయ్యి సచ్చిందే" అన్నాడు. గాలం అటకెక్కించాడు. అంతటితో ఆగాడా? ఆ పూట నుంచి ఎడమ చేత్తో చెంచా పట్టి తినసాగాడు. చెంచా కంచానికి తగిలినప్పుడల్లా నాకు తిక్క లేచేది. బతికున్న చేతికి దినం చేస్తున్నాడు ఈ మనిషి!

ఒకనాడు ఆ కోపంతోనే రీలు దించి తిప్పి చూశాను. నేను ఒక్క చుట్టు తిప్పితే, దారం చుట్టే భాగం గిర్రున ఏడు చుట్లు తిరిగింది. సిరిసిల్లలో మా పుట్టిల్లు గుర్తొచ్చింది. మా నాయన మరమగ్గాలు నడిపేవాడు, వాటిని మేం సాంచాలంటాం. మోటరుకు పెద్ద పుల్లీ వేస్తే సాంచె ఉరికేది, కానీ మందం బట్ట ఎక్కిస్తే మోటరు మూలిగి ఆగిపోయేది. చిన్న పుల్లీతో నెమ్మదిగానైనా లాగేది. ఇదీ అంతే. ఏడంటే వేగం, బలం కాదు. అతికిన చెయ్యి ఆ బరువు ఎట్లా లాగుతుంది?

రీలు పట్టుకుని కోరుట్ల బస్సెక్కాను.

"గిది ఉరికే నంబరు, గుంజే నంబరు కాదు! ఎరుక లేకుంటే లేదని చెప్పరాదా? నీ మాటకు మా ఆయన చెయ్యి పోయిందని కూసున్నడు!"

"వాడిన మాల్ వాపస్ తీస్కోం అక్కా."

"తీస్కోకు. గీడ్నే కూసుంట. అచ్చినోళ్లందరికీ చెప్త."

ఐదు నంబరుది ఇచ్చాడు.

మా ఆయన్ని తిట్టి తిట్టి చెరువుకు తోలాను, వెనకే నేనూ వెళ్లాను. బొచ్చె పడింది. హ్యాండిల్ మెల్లగా తిరిగింది, ఎక్కడా ఆగలేదు. చేప గట్టెక్కింది.

"సచ్చిన చెయ్యేనా గిది?" అన్నాను.

రాత్రి పులుసు వడ్డించి, కావాలనే కంచం పక్కన చెంచా పెట్టాను. ఆయన దాన్ని అవతలికి నెట్టి, కుడి చేత్తో ముళ్లు ఏరుకుంటూ తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది, అదీ కోపంతోనే.