పుల్లమ్మ కొన్న తుపాకీ

పుల్లమ్మకు తుపాకీ లైసెన్సు చేతికొచ్చిన రోజున ఆమె చేలో మొక్కజొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి.

నూజెండ్ల మండలంలో, కొండను ఆనుకుని మూడెకరాల చేను ఆమెది. పైనంతా అడవి. రెండేళ్లు వరసగా అడవి పందులు ఆమె పంటను నేలమట్టం చేశాయి. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. ఆమె కంచె చుట్టూ పాత చీరలు కట్టింది. మనిషి వాసనకు రావని మంగలి షాపు నుంచి వెంట్రుకల మూటలు తెచ్చి గట్ల వెంట చల్లింది. పందులు నాలుగు రోజులు ఆగి, అయిదో రోజు వచ్చాయి. మొదటి ఏడాదే ఆమె భర్త గురవయ్య వాటిని తరమబోతే ఒక మగపంది తొడ చీల్చేసింది. గాయం మానింది గానీ ఆ కాలు మళ్లీ నేల మీద ఆనలేదు.

అందుకే లైసెన్సుకు ఆమే తన పేరున దరఖాస్తు పెట్టుకుంది. విచారణలో ఒక అధికారి అడిగాడు.

“మీ ఇంట్లో మగాళ్లు లేరా?”

“ఉన్నాడండీ. లేవలేడు. పందులు నా చేలోకొస్తన్నయ్, నేనే పోవాలి గదా.”

పద్నాలుగు నెలలకు కాగితం వచ్చింది. మర్నాడే పాడి బర్రెను అమ్మి, పుల్లమ్మ నరసరావుపేట బస్సెక్కింది.

జాన్ సాహెబ్‌ది తండ్రి నాటి తుపాకుల కొట్టు. పంట కాపలాకని రైతులకిచ్చే లైసెన్సు మీద అమ్మేది పాతకాలపు తుపాకీయే. గొట్టం మూతిలోంచి మందు పోసి, చువ్వతో దట్టించి పేల్చాలి. ఒక్కసారి పేలాక మళ్లీ మొదటి నుంచి కూరుకోవాలి. ఆయన అలాంటివి మూడు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిదాని మడమ మీద, అంటే భుజానికి ఆనించే చెక్క మీద, ఇత్తడి పువ్వులున్నాయి. పుల్లమ్మ భుజానికి ఎత్తుకుంది. బస్తాలు మోసిన భుజమే. అయినా చేతులు చాచి పట్టుకునేసరికి గొట్టం మూతి నేలవైపు వంగిపోయింది. ఎంత బిగబట్టినా నిలవలేదు. దాన్ని పక్కన పెట్టింది.

రెండోది తేలిక. ఆమె మొహం విప్పారింది. “ఇది ఇయ్యన్నా.”

“అది వద్దు చెల్లెమ్మా,” అన్నాడు జాన్ సాహెబ్. “మందు పేలేచోట గొట్టాన్ని తుప్పు తినేసింది. పేలిందంటే నీ మొహానికే తగులుద్ది.”

“మరి కొట్లో ఎందుకు పెట్టావ్?”

“గోడకు తగిలించుకునేవాళ్లు కొంటారు.”

మూడోది పొట్టిగా, ఏ సొగసూ లేకుండా ఉంది. మడమ ఒకచోట చిట్లితే రాగి తీగ చుట్టారు. ఈపూరు వైపు రైతుదట. ఆయన పోయాక కొడుకులు తెచ్చి ఇచ్చేశారు. బరువు సరిపోయింది. కానీ పేల్చే ముందు వెనక్కి లాగాల్సిన గుర్రం ఆమె బొటనవేలికి కదల్లేదు. ముప్పై ఏళ్లు మిరపకాయలు కోసి కోసి ఆ వేలి కీలు బిగుసుకుపోయింది.

“స్ప్రింగు కాస్త వదులు చెయ్యన్నా.”

“వదులు చేస్తే పేలదు. మడమ తుంటికి ఆనించి, అరచేత్తో లాగి చూడు.”

జారింది. మళ్లీ లాగింది. అరచేతి తోలు లేచి మంట పెట్టింది. జాన్ సాహెబ్ ఇంక చాలన్నాడు. ఆమె వినలేదు. ఈసారి పంట పోతే కౌలుకిచ్చి కూలికి పోవడమే, కౌలుకైనా ఆ చేను ఎవరు తీసుకుంటారు? ఆఖరికి గుర్రం టక్కుమని వెనక్కి నిలిచింది.

“ఇది నాకు లొంగింది. ఇదే ఇయ్యి.”

మందు ఎంత పొయ్యాలో, ఎట్లా దట్టించాలో ఆయన రెండుసార్లు చేయించాడు. “పందిని చంపాలంటే ఫారెస్టోళ్ల పర్మిషన్ కావాల. నువ్వు గుండు లేకుండా ఉత్త మందే పేల్చు. చప్పుడుకే పోతయ్.”

ఇంటికొచ్చాక గురవయ్య తుపాకీని ఒళ్లో పెట్టుకుని చానాసేపు నిమిరాడు.

మర్నాడు పొద్దున్నే తుపాకీ నంబరు రాయించడానికి దాన్ని తీసుకుని ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. రైటర్ సుధీర్ వివరాలన్నీ రాసుకుని, తల పైకెత్తాడు.

“తుపాకీ ఇక్కడ పెట్టి వెళ్లు పెద్దమ్మా. నిన్ననే ఎన్నికల నోటిఫికేషనొచ్చింది. అందరివీ తీసుకుంటున్నాం. ఓట్ల లెక్కింపు అయ్యాక ఇస్తాం.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తుపాకీని రెండు చేతులా పట్టుకుంది. “గింజ పడతా ఉంది బాబూ. ఇరవై రోజులు నాకియ్యి. తర్వాత నువ్వే ఉంచుకో.”

“మన పల్నాడు సంగతి నీకు తెలీందేముంది?”

“నేనెవర్ని కాలుస్తాను నాయనా?”

సుధీర్ మినహాయింపు కోసం అర్జీ మాత్రం తనే రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. రోజు విడిచి రోజు ఆమె వెళ్లి అడిగింది. పైనుంచి జవాబు రాలేదు.

ఏడో రోజు, ఇంకా కొండ మీద ఎండ ఉండగానే పందులు దిగాయి. మొక్కజొన్న కర్రలు వరస వెంట వరస ఒరిగిపోతున్నాయి. పుల్లమ్మ రేకు డబ్బా వాయించింది, గొంతు పోయేదాకా అరిచింది. పిల్లలతో ఉన్న ఒక పంది తల తిప్పి చూసి, మళ్లీ తిండిలో పడింది. దగ్గరకు పోదామంటే భర్త తొడ కళ్ల ముందు మెదిలింది. గట్టు మీదే నిలబడిపోయింది. రెండు రోజుల్లో ఎకరమున్నర పోయింది.

మూడో రోజు పొద్దున ఆమె కొడవలి తీసుకుని పచ్చి కర్రను కొయ్యడం మొదలుపెట్టింది.

“ఏందే ఆ పని? ఇంకా గింజ ముదరలా,” అన్నాడు గురవయ్య.

“ముదిరేదాకా ఉంచేదెవరు? పశువులకైనా పనికొస్తది.”

ఆయన తనను చేలోకి తీసుకుపొమ్మన్నాడు. ట్రక్కు ఆటోలో తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెడితే, ఆమె కోసింది కోసినట్టు కట్టలు కట్టాడు. మధ్యలో ఒకసారి కండువాతో మొహం కప్పుకున్నాడు. ఆమె చూసి కూడా కొడవలి ఆపలేదు. సాయంత్రం పందులు దిగేలోపు ఎకరం మేర ఖాళీ చేశారు. మిగిలింది వాటికి వదిలేశారు. శావల్యాపురం నుంచి పాడి పశువులవాళ్లు వచ్చి ఆ మేత కొనుక్కుపోయారు. ఆమె బర్రె ఇప్పుడు ఎవరి కొట్టంలో ఉందో ఆమె అడగలేదు.

ఫలితాలొచ్చిన తొమ్మిదో రోజున స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. సుధీర్ తుపాకీని గుడ్డతో తుడిచి మరీ ఇచ్చాడు. పుల్లమ్మ వేలిముద్ర వేసి, వేలు చీర కొంగుకు తుడుచుకుంది.

“మళ్లా ఎలచ్చన్లు ఎప్పుడు బాబూ?”

“చెప్పలేం పెద్దమ్మా. సహకార సొసైటీ ఎన్నికలు ఉంటాయంటున్నారు.”

ఆమె తలూపి, తుపాకీని పాత దుప్పట్లో చుట్టుకుని, ఎండలో ఆటోల దగ్గరికి నడిచింది.